ఓటరు పాఠకుడైన వేళ: అభ్యర్థి ప్రమాణపత్రంపై ఒక విమర్శ – ఇబ్రహీంపట్నం నేపథ్యం

వ్యాససంగ్రహం

ఎన్నికల్లో పోటీ చేసే ప్రతి అభ్యర్థి నామినేషన్‌తోపాటు ఒక ప్రమాణపత్రాన్ని దాఖలు చేయాలి. తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందులో వెల్లడించాలి. ఈ పత్రాన్ని న్యాయశాస్త్రం, రాజనీతిశాస్త్రం ఇప్పటికే చర్చించాయి. చదవవలసిన ఒక పాఠ్యంగా దానిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం శాసనసభా నియోజకవర్గాన్ని నేపథ్యంగా తీసుకొని మూడు అంశాలను చర్చిస్తుంది. ఓటరుకు చదివే హక్కు ఎలా లభించింది, ఆ పాఠ్యాన్ని ఏ పద్ధతిలో చదవాలి, ఆ పఠనానికి అడ్డుపడుతున్నవి ఏవి అన్నవి ఆ మూడు. పాఠ పరిష్కరణ సంప్రదాయంలోని కొన్ని సూత్రాలు ఈ పఠనానికి ఎలా తోడ్పడతాయో కూడా వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రమాణపత్రం, ఫారం 26, ఓటరు, పాఠ పరిష్కరణ, పాఠాంతరం, ఇబ్రహీంపట్నం, ఎన్నికల ప్రణాళిక.

1. ఉపోద్ఘాతం

బద్దెన రచనగా ప్రసిద్ధమైన సుమతీ శతకంలో వినదగిన మాటల గురించిన పద్యం తెలుగు బడిలో చదువుకున్న ప్రతివారికీ తెలిసినదే. ఆ పద్యంలో మూడు మెట్లున్నాయి. ఎవరు చెప్పినా వినడం మొదటిది. విన్న వెంటనే తొందరపడకపోవడం రెండవది. కల్ల ఏదో నిజం ఏదో విచారించి తెలుసుకోవడం మూడవది. ఈ మూడు మెట్లూ ఎక్కినవాడినే కవి నీతిపరుడన్నాడు. అంటే ఆ పద్యంలో నీతి అన్నది సహజంగా ఉండే గుణంగా కాక, విచారణ ద్వారా సిద్ధించే ఫలితంగా కనిపిస్తుంది.

ఎన్నికల సమయంలో వినిపించే ఓటరు చైతన్య ప్రబోధాలను ఈ పద్యం పక్కన పెట్టి చూస్తే ఒక లోపం బయటపడుతుంది. ఓటు వజ్రాయుధమనీ, దానిని నోటుకు అమ్ముకోరాదనీ, ఆలోచించి వేయాలనీ గోడరాతలు, పాటలు, ప్రసంగాలు చెబుతాయి. దేనిని చూసి ఆలోచించాలో, చూసినదానిని ఎలా పరీక్షించాలో సాధారణంగా చెప్పవు. నీతి ఉంటుంది గాని పద్ధతి ఉండదు. ఈ ప్రబోధాలు ఓటరును ఉపదేశం స్వీకరించే శ్రోతగా భావిస్తాయి. ఓటరు ఒక పాఠకుడు కూడా అన్న ఊహ వాటిలో అరుదు. ఆ ఊహను స్వీకరిస్తే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: చదవడానికి ఉన్నదేమిటి?

2. పేరు, పార్టీ, గుర్తు: మూడు సంకేతాల అస్థిరత

సగటు ఓటరు ముందుగా చదివేది మూడు సంకేతాలను: అభ్యర్థి పేరు, పార్టీ, ఎన్నికల గుర్తు. ఈ మూడూ ఒకే అర్థాన్ని స్థిరంగా సూచిస్తే ఇంకేమీ చదవవలసిన అవసరం లేదనిపించవచ్చు. ఇబ్రహీంపట్నం ఇటీవలి ఎన్నికల చరిత్ర అందుకు భిన్నంగా ఉంది.

2014లో తెలుగుదేశం పార్టీ తరఫున గెలిచిన మంచిరెడ్డి కిషన్‌రెడ్డి తరువాత తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరి, 2018లో ఆ పార్టీ అభ్యర్థిగా పోటీ చేశారు. ఆ ఎన్నికలో కాంగ్రెస్, తెలుగుదేశం ఒకే కూటమిలో ఉన్నాయి. పొత్తులో ఈ స్థానం తెలుగుదేశానికి దక్కగా సామ రంగారెడ్డి కూటమి అభ్యర్థి అయ్యారు. కాంగ్రెస్ నాయకుడిగా ఈ ప్రాంతానికి పరిచితుడైన మల్‌రెడ్డి రంగారెడ్డి బహుజన్ సమాజ్ పార్టీ తరఫున ఏనుగు గుర్తుపై నిలిచారు. అంటే నిన్నటి తెలుగుదేశం శాసనసభ్యుడు కారు గుర్తు మీద, కాంగ్రెస్ నాయకుడు ఏనుగు గుర్తు మీద, కాంగ్రెస్ బలపరచిన అభ్యర్థి సైకిలు గుర్తు మీద కనిపించారు. బ్యాలెట్‌పై ఇద్దరు రంగారెడ్డిలు ఉన్నారు. నియోజకవర్గం ఉన్నదీ రంగారెడ్డి జిల్లాలోనే. ఫలితంలో కిషన్‌రెడ్డి, మల్‌రెడ్డి రంగారెడ్డిపై కేవలం 376 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2023లో మల్‌రెడ్డి రంగారెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా తిరిగి వచ్చి 36 వేలకు పైగా ఆధిక్యంతో విజయం సాధించారు. అప్పటికి ప్రత్యర్థి పార్టీ పేరు భారత రాష్ట్ర సమితిగా మారింది, కారు గుర్తు మాత్రం మారలేదు.

పార్టీ మారడం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ చర్చ కాదు. సంకేతం ఒకచోట నిలవకపోతే దానిని మాత్రమే చదివే పాఠకుడు ఇబ్బందిపడతాడన్నది గమనించవలసిన విషయం. 376 ఓట్లంటే ఒక పోలింగ్ కేంద్రంలోని ఓటర్ల సంఖ్యకంటే తక్కువ. అంతటి సన్నని తేడాపై ఐదేళ్ల ప్రాతినిధ్యం నిర్ణయమైన చోట ప్రతి ఓటరు పఠనానికీ విలువ ఉంది.

గుర్తు విషయంలో ఇంకొక సందర్భం కూడా పరిశీలించదగినది. ఇబ్రహీంపట్నం భువనగిరి లోక్‌సభ నియోజకవర్గంలో భాగం. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి కోమటిరెడ్డి వెంకటరెడ్డి, తెరాస అభ్యర్థి బూర నర్సయ్యగౌడ్‌పై 5,219 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రోడ్డు రోలరు గుర్తుపై పోటీ చేసిన మరొక అభ్యర్థికి 27 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. కారును పోలిన గుర్తును చూసి ఓటర్లు పొరబడ్డారని తెరాస వాదించింది. ఈ వాదన కూడా పరీక్షకు అతీతమైనది కాదు. రోలరుకు పడిన ఓట్లలో ఎన్ని పొరపాటువో, ఎన్ని ఉద్దేశపూర్వకమైనవో ఓట్ల లెక్క చెప్పలేదు. రహస్య బ్యాలెట్ ఆ సమాధానాన్ని ఎవరికీ ఇవ్వదు. ఓటరు తప్పు చదివాడనే నిర్ణయం కూడా ఆధారం కోరుతుందని విమర్శకులు గుర్తుంచుకోవలసి ఉంది.

3. చదివే హక్కు పుట్టుక

మూడు సంకేతాలకు అడుగున ఉన్న పాఠ్యమే ప్రమాణపత్రం. ఇది ప్రభుత్వాలు తామై ఇచ్చిన వరం కాదు. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అధ్యక్షతన లా కమిషన్ 1999లో సమర్పించిన 170వ నివేదిక అభ్యర్థుల కేసుల, ఆస్తుల వెల్లడిని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కాకపోవడంతో అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. 2000 నవంబరులో హైకోర్టు, 2002 మే 2న సుప్రీంకోర్టు ఓటరుకు అభ్యర్థి గురించి తెలుసుకునే హక్కు ఉందని తీర్పునిచ్చాయి.

తీర్పు ప్రభావాన్ని తగ్గించేందుకు పార్లమెంటు అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. కోర్టు ఏమి చెప్పినా, చట్టం అడిగినంతకు మించి అభ్యర్థి వెల్లడించనవసరం లేదని 33బి సెక్షను పేర్కొంది. దానిని సవాలు చేసినవారిలో పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్‌తోపాటు హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన లోక్‌సత్తా కూడా ఉంది. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారు. ఓటు హక్కు చట్టం ఇచ్చినదే అయినా, ఎవరికి ఓటు వేయాలో నిర్ణయించుకొని వ్యక్తం చేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని ఆయన తమ తీర్పులో విడదీసి చూపారు.

సాహిత్య విద్యార్థికి ఈ విభజనలో ఒక ప్రత్యేకత కనిపిస్తుంది. ఓటు ఒక వాక్కు అని న్యాయస్థానం అంగీకరించింది. వాక్కుకు ముందు అవగాహన ఉండాలి, అవగాహనకు ముందు పాఠ్యం ఉండాలి. ఆ తరువాతి తీర్పులు పాఠ్యాన్ని విస్తరించాయి. ప్రమాణపత్రంలో గడులను ఖాళీగా వదలరాదని 2013లో, కేసులను దాచడం ఓటరుపై అనుచిత ప్రభావమే అవుతుందని 2015లో, ఆదాయ మార్గాలను తెలపాలని 2018 ఫిబ్రవరిలో, కేసుల వివరాలను పత్రికల్లో ప్రకటించాలని అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నేర చరిత్ర ఉన్నవారిని ఎందుకు ఎంపిక చేశారో పార్టీలు తమ వెబ్‌సైట్లలో కారణాలు చెప్పాలని 2020లో నిర్దేశించింది. ఇరవై ఏళ్లలో పాఠ్యం పెరిగింది. పాఠకులు అంతగా పెరిగారా అన్నది అసలు ప్రశ్న.

4. ప్రమాణపత్ర పఠన పద్ధతి

4.1. స్వీయకథనం, స్వీయప్రమాణం

ఫారం 26 అనే ఈ పత్రాన్ని అభ్యర్థి నోటరీ ఎదుటగానీ మేజిస్ట్రేటు ఎదుటగానీ ప్రమాణం చేసి సమర్పిస్తాడు. రిటర్నింగ్ అధికారి అది పూర్తిగా నింపారా లేదా చూస్తాడు. అందులోని మాటలు నిజమా అని విచారించడు. అబద్ధమని ఎవరైనా ఆరోపించినా ఆ కారణంగా నామినేషనును తిరస్కరించడు. ప్రతివాదంగా ఎవరైనా మరొక ప్రమాణపత్రం సమర్పిస్తే దానిని కూడా ప్రకటిస్తాడు. కాబట్టి దీనిని ప్రభుత్వం ధ్రువీకరించిన సమాచారంగా చదవడం మొదటి పొరపాటు అవుతుంది. ప్రక్రియాపరంగా ఇది ఆత్మకథకు దగ్గర. చెప్పేవాడు, చెప్పబడేవాడు ఒక్కరే. అయితే ఆత్మకథలో అబద్ధానికి శిక్ష లేదు. ఇక్కడ ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కోలాచలం మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు పెట్టుకున్న నియమం తెలుగు పరిశోధకులకు సుపరిచితం: మూలంలో లేనిది రాయరాదు, అవసరం లేనిది చెప్పరాదు. ప్రమాణపత్రాన్ని చదివే ఓటరుకు కూడా ఇదే నియమం సరిపోతుంది. పత్రంలో ఉన్నదానిని దాటి నిందలు ఊహించకూడదు. ఉన్నదానిని చూడకుండా వదలకూడదు.

4.2. కేసుల పట్టిక

ఎక్కువమంది పాఠకులు కేసుల సంఖ్య దగ్గరే ఆగిపోతారు. పది కేసులున్న అభ్యర్థి ఒక్క కేసున్న అభ్యర్థి కంటే చెడ్డవాడని లెక్కగడతారు. తెలంగాణలో ఈ లెక్క త్వరగా తప్పుతుంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో రాస్తారోకోలు, రైల్‌రోకోలు, నిషేధాజ్ఞల ఉల్లంఘనల కింద ఎందరో నాయకులపై కేసులు నమోదయ్యాయి. భారత శిక్షాస్మృతి 188 సెక్షను కింద ఆజ్ఞ ధిక్కారం, 341 కింద దారి అడ్డగింపు ఒక తరగతికి చెందినవి. 307 కింద హత్యాయత్నం, 420 కింద మోసం వేరొక తరగతికి చెందినవి. సంఖ్య తరువాత సెక్షను, సెక్షను తరువాత నేర వివరణ, ఆపైన కోర్టు అభియోగం నమోదు చేసిందా లేదా అన్న గడి చూడాలి. ప్రాథమిక సమాచార నివేదిక కేవలం ఆరోపణ, అభియోగ నమోదు దాని తరువాతి దశ, శిక్ష చివరి దశ. ఈ మూడింటి భేదం తెలియని పఠనం ప్రచారానికే ఉపయోగపడుతుంది.

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి రావడంతో ఇంకొక సమస్య వచ్చింది. పాత 420 ఇప్పుడు 318లో చేరింది. హత్యాయత్నం 109 అయింది. జనం నోళ్లలో నాలుగు వందల ఇరవై అనే సంఖ్య ఒక తిట్టుగా స్థిరపడింది. ఇకపై ప్రమాణపత్రాల్లో ఆ నేరమే కొత్త అంకెతో కనిపించినప్పుడు అది పాఠకుడి దృష్టి నుంచి జారిపోయే అవకాశముంది.

4.3. భూముల పట్టిక: స్థానిక పాఠకుడి అధికారం

ఇబ్రహీంపట్నం ఓటరు ఢిల్లీలోని ఏ విశ్లేషకుడికంటే బాగా చదవగల భాగం స్థిరాస్తుల పట్టిక. వ్యవసాయ భూమి ఎక్కడ ఉంది, సర్వే నంబరు ఎంత, విస్తీర్ణం ఎంత, వారసత్వమా కొనుగోలా, కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి సుమారు మార్కెట్ విలువ అనే గడులు అందులో ఉంటాయి. నాగార్జునసాగర్ రహదారి, బాహ్య వలయ రహదారి, ఆదిబట్లలోని పరిశ్రమలు, కొంగరకలాన్‌లోని జిల్లా కలెక్టరేటు, యాచారం మండలంలో ఔషధ నగరి కోసం జరిగిన భూసేకరణ – ఇవన్నీ ఈ నియోజకవర్గంలో భూమిని ప్రధాన రాజకీయ విషయంగా మార్చాయి. ఇక్కడ ఎకరం ధర ఏ ఊరిలో ఎంతో, ఏ ఏడు ఎందుకు పెరిగిందో రైతుకు, కౌలుదారుకు, ప్లాటు కొన్న చిరుద్యోగికి తెలుసు.

ఇప్పటి మార్కెట్ విలువ అన్న గడిలో అభ్యర్థి రాసేది అతని అంచనా. రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం నిర్ణయించిన విలువకూ, ఊరిలో నడిచే ధరకూ మధ్య ఉన్న దూరం ఆ గడిలో దాగి ఉంటుంది. కొన్న తేదీ మరింత అర్థవంతమైనది. ఒక రహదారి, ఒక పరిశ్రమ, ఒక సేకరణ ప్రకటన ఎప్పుడు వచ్చిందో తెలిసిన పాఠకుడు ఆ తేదీని వాటి పక్కన పెట్టి చూడగలడు. సర్వే నంబరు ఉంది కాబట్టి భూమి రికార్డుల పోర్టల్‌తోనూ, రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే భారరహిత ధ్రువపత్రంతోనూ పోల్చవచ్చు. జనం ఈసీ అని పిలిచే ఆ కాగితాన్ని తీయడం ప్లాటు కొన్న ప్రతివారికీ తెలిసిన పనే. తన వంద గజాల ప్లాటుకు ఈసీ తీయించే మనిషి, తన ప్రతినిధి కాబోయేవాని పత్రాన్ని ఒక్కసారైనా చూడకపోవడానికి కారణం ఏమిటన్నది ఆలోచించదగినది.

4.4. పాఠాంతరాల పరిశీలన

ఒకే అభ్యర్థి వరుస ఎన్నికల్లో దాఖలు చేసిన పత్రాలు ఒకే గ్రంథానికి చెందిన వేర్వేరు ప్రతుల వంటివి. పాఠ పరిష్కర్త ప్రతులను పక్కపక్కన పెట్టి భేదాలు గుర్తించినట్లే, 2018, 2023 పత్రాలను పక్కన పెట్టి ఏ సర్వే నంబరు కొత్తగా వచ్చింది, ఏది కనిపించడం లేదు, విద్యార్హత ఎలా మారింది, అప్పులు ఎవరి పేరిట చేరాయి అని చూడవచ్చు. 2019 సవరణ తరువాత గత 5 సంవత్సరాల ఆదాయపు పన్ను రిటర్నుల వివరాలు కూడా పత్రంలో చేరాయి గనుక ఆదాయానికీ ఆస్తికీ మధ్య పొంతన పరీక్షించే వీలుంది.

భేదం కనిపించిన ప్రతిచోటా అబద్ధం ఉందనుకోవడం పరిష్కరణ సూత్రాలకు విరుద్ధం. ఆస్తి విలువ పెరగడానికి భూమి ధర పెరగడమొక్కటే కారణం కావచ్చు. ఉన్న ప్రతి చరాస్తినీ ప్రకటించనవసరం లేదనీ, అభ్యర్థిత్వంపై ప్రభావం చూపేంత విలువైనవే ముఖ్యమనీ 2024 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఒక అరుణాచల్ ప్రదేశ్ వివాదంలో స్పష్టం చేసింది. భేదం ప్రశ్నకు దారితీయాలి. ప్రశ్నకు జవాబు రాకముందే తీర్పు ఇవ్వకూడదు.

5. ప్రమాణం లేని పాఠ్యాలు

ప్రమాణపత్రం పక్కన ఓటరుకు చేరే మరి రెండు పాఠ్యాలు ఎన్నికల ప్రణాళిక, ఫోన్లలో తిరిగే సందేశం. అభ్యర్థి ప్రమాణం చేసి చెప్పేది తన గతాన్ని. ఓటరు భవిష్యత్తు గురించి పార్టీ చెప్పేది ఏ ప్రమాణమూ లేకుండానే. 2023 సెప్టెంబరు 17న కాంగ్రెస్ 6 గ్యారంటీలను ప్రకటించిన తుక్కుగూడ ఈ జిల్లాలోనిదే. గ్యారంటీ అనే పదం వ్యాపార ఒప్పందాల భాష నుంచి రాజకీయ భాషలోకి వచ్చింది. వస్తువు చెడితే దుకాణానికి తీసుకెళ్లే గ్యారంటీ కార్డు ఇక్కడ లేదు. అన్ని పార్టీల ప్రణాళికలకూ ఇది వర్తిస్తుంది. 2013లో సుప్రీంకోర్టు సూచన మేరకు ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో ఒక భాగాన్ని చేర్చింది. దాని ప్రకారం వాగ్దానాల వెనుక హేతువు ఉండాలి, నిధులు ఎక్కడి నుంచి వస్తాయో స్థూలంగా సూచించాలి. ప్రణాళికను చేతిలోకి తీసుకున్న ఓటరు ఆ ఒక్క పేరా ఉందా లేదా అని వెతికితే చాలు, పఠనం మొదలైనట్లే.

ఫోన్ సందేశానికి కర్త లేడు, తేదీ లేదు. తెలుగు కావ్యాలకు ఆశ్వాసాంత గద్య ఉంటుంది. రచయిత ఎవరో, ఎవరి కుమారుడో అందులో ఉంటుంది. అది లేని ప్రతి దొరికినప్పుడు పండితులు భాష, ఛందస్సు, శాసనాల సాయంతో కర్తృత్వాన్ని, కాలాన్ని పరీక్షించారు. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించి, ఆ కవి నన్నయకంటే పూర్వుడన్నప్పుడు తెలుగు విమర్శ లోకం ఆ మాటను వెంటనే ఒప్పుకోలేదు. దశాబ్దాలపాటు ఆధారాలు అడిగింది. అంతటి సంశయశక్తిని ఎన్నికల ముందు రాత్రి వచ్చే సందేశంపై ప్రయోగించడం కష్టమేమీ కాదు.

దేశమంతటా ఎన్నికలు వచ్చినప్పుడల్లా తిరిగే ఒక సందేశం ఇందుకు తగిన ఉదాహరణ. జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ‘ఛాలెంజ్ ఓటు’ వేయవచ్చని, మీ ఓటు వేరొకరు వేసి ఉంటే ‘టెండర్ ఓటు’ అడగవచ్చని, అలాంటి ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ జరుగుతుందని ఆ సందేశం చెబుతుంది. ఇందులో రెండవ వాక్యం నిజం. వేరొకరు ముందే తన పేరిట ఓటు వేసినప్పుడు అసలు ఓటరుకు 49పి నిబంధన టెండర్ బ్యాలెట్ ఇస్తుంది. మొదటి వాక్యం అబద్ధం. ఛాలెంజ్ అన్నది ఓటరు గుర్తింపుపై పోలింగ్ ఏజెంటు 2 రూపాయలు చెల్లించి తెలిపే అభ్యంతరం. జాబితాలో పేరు లేనివారికి ఓటు ఇచ్చే మార్గం అది కాదు. 14 శాతం నిబంధన ఎక్కడా లేదు. ఒక నిజమైన వాక్యం, ఒక అసలు నిబంధన సంఖ్య రెండు అబద్ధాలకు ఆసరా ఇచ్చాయి. మూలంలో కలిసిపోయిన ప్రక్షిప్తాన్ని గుర్తించడం కష్టమయ్యేది కూడా ఇలాగే.

దీని నష్టం ఊహాత్మకమైనది కాదు. ఆ సందేశాన్ని నమ్మినవాడు జాబితాలో తన పేరును ముందుగా చూసుకోడు. 2018 డిసెంబరు 7న తెలంగాణలో పోలింగు జరిగిన రోజు, జాబితా నుంచి పేర్లు గల్లంతైన ఓటర్లకు రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. క్షమాపణ ఓటును తిరిగి ఇవ్వలేదు. ఎన్నికల సంఘం 2024 ఏప్రిల్‌లో అపోహలకు, వాస్తవాలకు ఒక రిజిస్టరు తెరిచింది. హైదరాబాదు నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు తెలుగులోనే వాస్తవ నిర్ధారణ చేస్తున్నాయి. వీటిని చూడటానికి పట్టే సమయం ఆ సందేశాన్ని పదిమందికి పంపడానికి పట్టే సమయం కంటే కొద్దిగానే ఎక్కువ.

6. పఠనానికి అడ్డంకులు, కాలం అనే అంశం

ఇంతవరకు చెప్పిన పఠన భారమంతా ఓటరుపై మోపితే విమర్శ అసంపూర్ణమవుతుంది. ప్రమాణపత్రాన్ని చదివించే ఉద్దేశంతో రూపొందించలేదు. దాఖలు చేయించే ఉద్దేశంతో రూపొందించారు. తెలంగాణలో అవి ఆంగ్లంలో దాఖలు కావడం సాధారణం. వెబ్‌సైటులో కనిపించేవి స్కాన్ చేసిన పుటలు. మాట పెట్టి వెతికే వీలు లేదు, కొన్నిచోట్ల చేతిరాత. పత్రం చివర సంక్షిప్త భాగం ఉన్నా దానిని తెలుగులో పోలింగ్ కేంద్రాల వద్ద, గ్రామపంచాయతీ కార్యాలయాల వద్ద ప్రదర్శించే అలవాటు లేదు. తెలుసుకునే హక్కు రాజ్యాంగబద్ధమని కోర్టు చెప్పిన తరువాత, తెలుగు మాత్రమే చదవగలిగిన ఓటరుకు ఆంగ్ల పత్రం చూపడం హక్కును సగంలో ఆపడమే.

పేర్కొనదగిన ప్రతివాదం ఒకటుంది. జనం కులాన్ని, పార్టీని, చేసిన పనులను చూసి ఓటు వేస్తారు. కేసుల పట్టిక చదివినా నిర్ణయం మారదు. ఇది కొంతవరకు నిజమే. అయితే తెలిసి ఎన్నుకోవడానికీ, తెలియక ఎన్నుకోవడానికీ మధ్య భేదం ఫలితంలో కనిపించకపోయినా బాధ్యతలో కనిపిస్తుంది. తెలిసి ఎన్నుకున్నవాడు రేపు తన ప్రతినిధిని ప్రశ్నించగలడు. తెలియక ఎన్నుకున్నవాడు మోసపోయానని మాత్రమే అనగలడు.

రెండవ ప్రతివాదం మరింత బలమైనది. అబద్ధపు ప్రమాణపత్రాలను పట్టుకోవడానికి న్యాయస్థానాలున్నాయి కదా, ఆ పని సామాన్యుడు ఎందుకు చేయాలి? దీనికి సమాధానం తెలంగాణ చరిత్రలోనే ఉంది. 2018 ఎన్నికల్లో కొత్తగూడెం నుంచి గెలిచిన వనమా వెంకటేశ్వరరావు ఎన్నికను, ప్రమాణపత్రంలో వివరాలు దాచారన్న కారణంతో తెలంగాణ హైకోర్టు 2023 జూలై 25న రద్దు చేసింది. గద్వాల నుంచి గెలిచిన బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి ఎన్నికను అదే తరహా కారణంతో 2023 ఆగస్టు 24న రద్దు చేసింది. రెండు తీర్పులపైనా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ వివాదాల తప్పొప్పులను పక్కన పెట్టి తేదీలను మాత్రమే చూస్తే విషయం బోధపడుతుంది. పోలింగు 2018 డిసెంబరులో జరిగింది. హైకోర్టు తీర్పులు 2023 మధ్యలో వచ్చాయి. అదే ఏడాది నవంబరు 30న మళ్లీ పోలింగు జరిగింది. న్యాయస్థానం పఠనం పూర్తయ్యేసరికి పదవీకాలం దాదాపు పూర్తయింది.

2023 ఎన్నికల్లో నామినేషన్ల ఉపసంహరణ గడువు నవంబరు 15. అక్కడి నుంచి పోలింగుకు 15 రోజులు. న్యాయస్థానానికి దాదాపు ఐదేళ్లు పట్టిన పఠనానికి ఓటరు చేతిలో ఉన్న వ్యవధి అంత. ఆ 15 రోజుల్లో జరిగే పఠనం న్యాయస్థానంలో జరిగే విచారణంత లోతుగా ఉండదు. కానీ ఫలితం మారే అవకాశం ఉన్నప్పుడు జరిగే పఠనం అదొక్కటే.

7. ముగింపు

పై చర్చను బట్టి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

పేరు, పార్టీ, గుర్తు స్థిరమైన సంకేతాలు కావని ఇబ్రహీంపట్నం ఎన్నికల చరిత్ర నిరూపిస్తుంది. వాటి అడుగున ఉన్న ప్రమాణపత్రాన్ని చదవడం ఓటరుకు న్యాయపోరాటాల ద్వారా లభించిన హక్కు.

ఆ పత్రం స్వీయప్రమాణం. దానిని ప్రభుత్వ ధ్రువీకరణగా స్వీకరించడం ఎంత పొరపాటో, ప్రతి భేదాన్ని నేరంగా చూడటం అంతే పొరపాటు. ప్రతుల పోలిక, ప్రక్షిప్తాల గుర్తింపు, కర్తృత్వ పరీక్ష అనే పాఠ పరిష్కరణ పద్ధతులు ఇక్కడ నేరుగా అన్వయిస్తాయి. భూముల పట్టిక వంటి భాగాల్లో స్థానిక పాఠకుడి జ్ఞానం నిపుణుడి జ్ఞానానికి తీసిపోదు.

చదువురాని ఓటరు ఈ పఠనానికి వెలుపల ఉండిపోతాడన్న ఆందోళనకు తెలుగు సమాజం దగ్గర పాత పరిష్కారం ఒకటుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయంతో తెలంగాణలో మొదలైన గ్రంథాలయోద్యమం చదవడాన్ని ఒంటరి పనిగా భావించలేదు. ఒకరు పత్రిక చదివితే పదిమంది వినడం, విన్నవారు ప్రశ్నించడం ఊళ్లలో ఉన్న అలవాటే. 2018 జనవరి 25న ఎన్నికల సంఘం విద్యాసంస్థల్లో ఎన్నికల అక్షరాస్యతా క్లబ్బులను ప్రారంభించింది. ఇబ్రహీంపట్నం వంటి పట్టణాల కళాశాలల్లో తెలుగు అధ్యాపకులు, పరిశోధకులు వాటికి చేయగల సాయం స్పష్టమైనది. పోటీలో ఉన్న అభ్యర్థులందరి పత్రాల సంక్షిప్త భాగాలను ఒకే కొలతతో, వ్యాఖ్య చేర్చకుండా తెలుగులోకి తెచ్చి చదివి వినిపించవచ్చు. ఒక్క అభ్యర్థి పత్రాన్నే చదివితే అది ప్రచారమవుతుంది. అందరివీ చదివితేనే అది విద్య అవుతుంది. ఈ పని ఉపసంహరణ గడువు ముగిసిన మర్నాడే మొదలుకావాలి. ప్రమాణపత్రాల భాష, వాటి తెలుగు అనువాద సమస్యలు, ఎన్నికల పరిభాష ప్రామాణీకరణ అనే అంశాలపై ప్రత్యేక పరిశోధన జరగవలసి ఉంది.